పక్కన ఎవరున్నారు?

షగుఫ్తా మేడం మొదటి రోజు మమ్మల్ని కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. అది 2004. గాజువాకలో ఒక ప్రైవేటు కాలేజీ సాయంత్రం పూట డిజిటల్ లైబ్రరీల మీద సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. కొత్త మానిటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. ఎప్పుడు ఆన్ చేస్తారా అని మేం వాటి వంకే చూస్తుంటే, ఆవిడ తలా ఒక తెల్లకాగితం చేతిలో పెట్టారు.

"మీ ఇంట్లో జీలకర్ర ఎక్కడుంటుందో రాయండి. రాసి పక్కవాళ్ళకివ్వండి. ఆ కాగితం పట్టుకుని వాళ్ళు మీ ఇంటికెళ్ళి, ఎవర్నీ అడక్కుండా జీలకర్ర తీసుకురావాలి."

నాగవంశీ నా చెవిలో గొణిగాడు. "బావా, ఇది కంప్యూటర్ కోర్సా, వంటల కోర్సా?"

మర్నాడు క్లాసుకి వచ్చిన పొట్లాల్లో సగం జీలకర్ర కాదు. ఆవాలున్నాయి, సోంపు ఉంది, ఒకడు వాము తెచ్చాడు. నాగశ్రీ 'రెండో అరలో హార్లిక్స్ సీసా' అని రాసింది. వెళ్ళి చూస్తే ఆ అరలో ఉన్నవన్నీ హార్లిక్స్ సీసాలే. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో చొక్కా గుండీలు. మన ఇళ్ళల్లో ఏ డబ్బా మీద రాసింది ఆ డబ్బాలో ఉండదు. వంశీ అయితే 'మా అమ్మనడగాలి' అని రాసి ఊరుకున్నాడు.

ఆ కాగితం చూసి మేడం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "మన ఊళ్ళో సగం లైబ్రరీల కేటలాగు ఇదే. 'ఆయన్నడగాలి.' ఆయన సెలవులో ఉంటే?"

తర్వాత అసలు సంగతి చెప్పారు. పుస్తకాల్ని స్కాన్ చేసి కంప్యూటర్లో పడేస్తే అది లైబ్రరీ కాదు, అటక. వెతకడానికి వచ్చే మనిషి ఎవరు, ఏ మాట పట్టుకుని వస్తాడు, వాడికి ఏం చదవడం వచ్చు, ఏం రాదు, ముందు అది తెలియాలి. యంత్రం తర్వాత. ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ణి నేను. ఆ కాలేజీలో ఒక్కరూ ఒక్క విషయం ఇంత సూటిగా చెప్పిన పాపాన పోలేదు.

ఆవిడది వన్ టౌన్. పోర్టులో ఓడ కూత వేస్తే గోడలు అదిరే సందు. వాళ్ళ నాన్న కరీం గారిది పుస్తకాల బైండింగ్ షాపు. షాపంటే ఇంటి ముందుగదే. ఇంట్లో సొంత పుస్తకమంటూ ఒక్కటీ లేదు గానీ, ఊరందరి పుస్తకాలూ వాళ్ళింటికి వచ్చిపోయేవి. స్కూళ్ళవి, ప్లీడర్లవి, పోర్టు ఆఫీసువి. అట్టలూడి వచ్చేవి, మైదా జిగురు ఆరేదాకా ఉండి వెళ్ళిపోయేవి. ఆ జిగురు ఆరేలోపు చదివెయ్యాలి. అందుకేనేమో, ఆవిడ ఇప్పటికీ ఏ పుస్తకాన్నైనా సగమే తెరిచి, తలొంచి చదువుతారు. పూర్తిగా తెరిస్తే పచ్చి బైండింగ్ విరిగిపోతుందన్నట్టు.

లైబ్రరీ సైన్సు చదివి, తొంభైల మొదట్లో ఒక కాలేజీ లైబ్రరీలో చేరారు. అక్కడికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దానికి ఏసీ గది కట్టి, తాళం ప్రిన్సిపాల్ జేబులో పెట్టుకున్నాడట. ఈవిడ రోజూ వెళ్ళి తాళం అడిగేవారు. "చెప్పులు విప్పించి లోపలికి పంపేవాళ్ళు, దర్గాకి వెళ్ళినట్టు. ఎన్నాళ్ళకో తెలిసింది, మనం చెప్పింది తప్ప దానికేమీ తెలీదని" అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి జవాబు చెప్పరు, టీ పోస్తారు.

కోర్సు చివర మేమే ఒక లైబ్రరీ కట్టాలి. వంశీ సినిమా పాటలన్నాడు. నేను పాత పరీక్ష పేపర్లన్నాను. మేడం తల అడ్డంగా ఊపారు.

"మీరు పెట్టకపోతే ఇంకెవరూ పెట్టనిది ఏదైనా ఉందా?"

నాగశ్రీ, "మా కాలనీలో ఫోటోలున్నాయి మేడం" అంది.

నాగశ్రీ వాళ్ళది స్టీల్ ప్లాంటు కోసం ఖాళీ అయిన ఊరు. ఆ ఊరివాళ్ళని కాలనీలకి మార్చి ముప్పై ఏళ్ళు కావొస్తోంది. ఖాళీ అయిన ఆ ఊరిని వాళ్ళు ఇప్పటికీ పాతూరు అంటారు. వెళ్ళి చూద్దామంటే వీధి లేదు, బావి లేదు. మిగిలినవల్లా ఇళ్ళ గోడలకున్న ఫోటోలు, పెట్టెల అడుగున చీరల మడతల్లో ఉన్న ఫోటోలు.

అలా మొదలైంది. ఆదివారాలు కాలనీకి వెళ్ళి ఫోటోలు అడిగి తెచ్చి, కాలేజీలో స్కాన్ చేసి, తిరిగి ఇచ్చేవాళ్ళం. గోడకున్నవి చాలావరకు పోయినవాళ్ళవి. అద్దం మీద కుంకుమ బొట్టు ఉండేది, శుక్రవారం శుక్రవారం పెట్టిన బొట్టు మీద బొట్టు, రూపాయి బిళ్ళ మందం. మేడం ఆ బొట్టు రాలనిచ్చేవారు కాదు. వాళ్ళ నాన్న వాడిన సన్నటి కత్తితో వెనక మేకులు ఒక్కొక్కటే లేపి, అద్దాన్ని కదపకుండా ఫోటోని వెనక నుంచి తీసేవారు. స్కానయ్యాక అలాగే పెట్టి మేకులు కొట్టేవారు. మేమెవరమైనా సాయం చేస్తామంటే, "మీ చేతులు తొందరవి" అనేవారు.

రెండు నియమాలు పెట్టారు. ఒకటి, మొదటి స్కాన్ జోలికి పోకూడదు. మరకలుండనీ, చెదలు తిన్న మూలలుండనీ. దాన్ని అలాగే దాచాలి. జనానికి చూపించడానికి దాని నకలు తీసుకుని, చేసే శుభ్రాలేవో ఆ నకలుకి చెయ్యాలి. రెండోది, ప్రతి ఫోటోకీ ఎవరు, ఎక్కడ, ఎవరిచ్చారు అన్నవాటితో పాటు ఇంకో గడి నింపాలి. పక్కన ఎవరున్నారు?

"పక్కనోళ్ళతో మనకేం పని మేడం?" అన్నాడు వంశీ.

"ఫోటో తీయించుకునే స్తోమత ఉన్నవాడి ఫోటో వాడింట్లో ఉంటుంది. లేనివాళ్ళు ఎక్కడుంటారు? పక్కవాళ్ళ ఫోటోల్లో ఉంటారు."

పేర్లతో ఇంకో తంటా. అప్పట్లో తెలుగులో టైపు చేస్తే, ఇంకో కంప్యూటర్లో తెరిచేసరికి గళ్ళు గళ్ళుగా కనిపించేది. మేడం ఇంగ్లీషులో పేర్లు కొట్టి వెతికేలా పెద్ద ప్లాను గీసుకొచ్చారు. నాగశ్రీ దాన్ని చూసి మొహమాటపడుతూనే చెప్పేసింది. "మా కాలనీలో ముసలోళ్ళకి తెలుగే చదవడం రాదు మేడం. మొహాలైతే గుర్తుపడతారు. మొదటి పేజీ నిండా మొహాలు పెట్టేద్దాం. కావాల్సిన మొహం మీద నొక్కితే ఫోటో వచ్చెయ్యాలి."

మేడం తన ప్లాను కాగితాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకున్నారు. "ఇదే డిజైన్. నేను గీసింది నా కోసం గీసుకున్నాను."

ఆ మొహాల పేజీ తయారైన వారంలోనే అసిరమ్మ వచ్చింది.

నాగశ్రీ వాళ్ళ పక్కింటి ముసలావిడ. ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విప్పబోతే మేడం వద్దని లోపలికి తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ మా వంక గాని, కంప్యూటర్ల వంక గాని చూడలేదు.

"పైడయ్య పోటో దొరికిందంట గదమ్మా. అందల నా గుంట ఉంటాది. ఓపాలి సూపించు, ఎలిపోతాను."

ఆవిడ కూతురు నూకాలు. పాతూళ్ళో ఉండగా ఒక ఫోటోగ్రాఫరు పెట్టె కెమెరా మోసుకుని వచ్చాడట. వాళ్ళ వీధిలోనే ఉండే పైడయ్య కుర్చీ వేయించుకుని ధీమాగా కూర్చున్నాడు. నూకాలు వెళ్ళి ఆ కుర్చీ పక్కన నిలబడింది. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయింది. మరో ఫోటో ఏ నాడూ లేదు. ఊరు ఖాళీ అయ్యాక పైడయ్య వాళ్ళు పెందుర్తి వైపు వెళ్ళిపోయారు. పైడయ్యా పోయాడు. ఆ ఫోటో ఎప్పుడో నాశనమైపోయి ఉంటుందనే ఇన్నాళ్ళూ అనుకుంది. కొడుకు సూరన్న తండ్రి ట్రంకుపెట్టెలోంచి తీసి మాకిచ్చాడని మొన్ననే ఎవరో చెబితే విని వచ్చింది.

"మొకం మర్సిపోతన్నానమ్మా" అంది. "కల్లోకొచ్చినా ఈపు తిప్పుకునే ఉంటాది. మొకం అగుపడదు."

మేడం మౌస్ అందుకున్నారు. మొహాల్లో పైడయ్యని అసిరమ్మే వేలు పెట్టి చూపించింది. నొక్కితే తెర నిండా పైడయ్య వచ్చాడు. వెనకంతా నీలం రంగు. పైన నల్లకోటు, కింద పంచె.

అసిరమ్మ వంగి చూసింది. "పైడయ్యే. ఈ కోటేటి? బతికున్నన్నాల్లూ సొక్కాయే తొడిగీవోడు కాదు."

మేమంతా నవ్వాం. వంశీ నవ్వలేదు.

"నా గుంట ఏదమ్మా?"

కుర్చీ పక్కన నీలం రంగు తప్ప ఏమీ లేదు. వివరాల్లో 'పక్కన ఎవరున్నారు' అన్నచోట 'ఎవరూ లేరు' అని ఉంది. ఎక్కించింది నాగవంశీ. మేడం వెనక్కి తిరిగి వాడి వంక చూశారు.

వాడు పగలు ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. గ్రూపు ఫోటోలోంచి పోయిన మనిషిని విడదీసి, కోటు తొడిగి, వెనక రంగు వేసి పెద్దది చెయ్యడంలో వాడి చెయ్యి తిరిగింది. మామూలుగా మాతో కాలేజీ తెలుగు మాట్లాడతాడు గానీ, భయమేస్తే ఇంటి మాట వచ్చేస్తుంది.

"సూరన్న బాబాయ్ అడిగినాడు మేడం. 'మా అయ్యకి ఓ కోటు తొడుగు నాయినా, బతికుండగా నాను కొనలేకపోనాను' అని. పెద్దది సేసిచ్చినాను. పక్కన ఎవుల గుంటో ఉంది. బతికున్నోల్లు ఉన్న పోటోకి దండెయ్యరు గద మేడం, బొట్టెట్టరు గద. మా స్టూడియోలో ఎప్పుడూ తీసీడమే. నాను..." ఆగిపోయాడు. "బతికుందనుకున్నాను మేడం."

"మొదటి స్కాన్?"

"దాని మీదే సేవ్ సేసీసినాను. డిస్కు నిండిపోతంది. మనకీ ఇదే బాగుంటాదని..."

నాగశ్రీ వెంటనే సూరన్నకి ఫోన్ చేసింది. అసలు ఫోటో ఉంటే చాలు కదా. మేమందరం ఆ అమ్మాయి మొహమే చూస్తున్నాం. స్పీకరు లేని ఫోనులో సూరన్న గొంతు మాకూ వినిపించింది.

"కొత్తది గోడకెక్కించీసినాక పాతది ఇంట్లో ఉంచకూడదు గదమ్మా. సిరిగిపోయిన దేవుడి పటాలతోటి కలిపి సముద్రంలో ఇడిసీసినాను. ఏం? ఏటైనాది?"

నాగశ్రీ ఫోను పెట్టేసింది.

అసిరమ్మ మాత్రం వంశీ వైపు తిరిగి ఉంది.

"బతికుందనుకున్నావా నాయినా?"

వాడు తలొంచుకున్నాడు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆ మాట ఇంకోసారి వినాలన్నట్టు అడిగింది. "నా గుంట బతికుందనుకున్నావా?"

మేడం తిడతారేమో, వాణ్ణి బయటికి పొమ్మంటారేమో అనుకున్నాం. ఆవిడ కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నారు.

"మా అబ్బా ఒకసారి ఒక మతగ్రంథం బైండు చేశారు. అంచులు నలిగిపోయి ఉన్నాయని నీటుగా కత్తిరించేశారు. అందంగా వచ్చింది. ఇచ్చినాయన తీసుకుని తెరిచి చూసి అక్కడే కూలబడిపోయాడు. ఆ అంచుల్లో వాళ్ళమ్మ పెన్సిలుతో రాసుకున్న మాటలుండేవట. అబ్బా చెత్తబుట్ట తిరగేసి ఆ పేలికలన్నీ ఏరారు. ఏది ఏ పేజీదో ఎవరికి తెలుస్తుంది? అప్పట్నుంచీ అంచులు కత్తిరించేవారు కాదు. నీటుగా లేదని గిరాకీలు పోయారు. అయినా కత్తిరించలేదు." ఆగి, "నియమం పెట్టాను గానీ ఈ కథ నీకు ముందే చెప్పి ఉండాల్సింది" అన్నారు.

వంశీ కళ్ళు తుడుచుకుని లేచాడు. వాడికి ఏదో ఒకటి చేసి తీరాలి.

"మామ్మా, నీకు మనవరాలుంది గదా. దాని పోటో తెచ్చీ. ఆ మొకం తీసి, కొంచెం మార్సి, ఇక్కడెట్టీస్తాను. తేడా తెలీదు."

అసిరమ్మ చప్పున తలెత్తింది. "ఎట్టగలవా బాబూ? దాని ముక్కు సప్పిడి. మనవరాలికి కోటేరు. అది సెయ్యగలవా?"

"సేస్తాను."

ఆవిడ మేడం వంక చూసింది. అసిరమ్మకి అది కావాలని మాకందరికీ తెలుస్తూనే ఉంది. వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది?

"వీడు చెయ్యగలడమ్మా. బాగా చేస్తాడు" అన్నారు చివరికి. "ఇంటికి పట్టుకెళ్ళి గోడకి పెట్టుకో. అది నీ ఇష్టం. నేనేమీ అనుకోను. కానీ ఇక్కడ, ఈ లైబ్రరీలో, దాని కింద నూకాలు అని నేను రాయలేను."

అసిరమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "ముందు అది నిలబడిన సోటు సూపించు బాబూ. ఎక్కడెడతావో సూస్తాను."

వంశీ కుర్చీ పక్క భాగాన్ని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది. నీలం రంగు, కుర్చీ కోడు, పైడయ్య మోకాలు, పంచె.

"ఆగు బాబూ. అదేటి?"

"పంచి మడతలు మామ్మా."

"మడతలు కావు." ఆవిడ లేచి తెర దగ్గరికెళ్ళి కొంగుతో తుడిచింది. "మడతలకి గోల్లుంటాయేటి?"

మేమంతా ముందుకు వంగాం. మడతల మధ్య నాలుగు చిన్న వేళ్ళు. పిల్ల పైడయ్య పంచెని గుప్పిట పట్టుకుంది. ఒళ్ళంతా చెరిపేసిన వంశీ, పంచె మీదకొచ్చిన ఆ నాలుగు వేళ్ళని మడతలనుకుని వదిలేశాడు.

అసిరమ్మ ఒక్కసారిగా నవ్వింది. పళ్ళు లేని నోటితో, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నవ్వింది.

"బయపడిపోనాదమ్మా! ఆ పోటోవోడు నల్లగుడ్డలోకి దూరిపోనాడు గదా. 'అమ్మా, ఆడికి తలకాయ లేదే' అని ఏడుపు. పైడయ్య అన్నాడు, 'నా పంచి అట్టుకోయే, ఏటీ అవదు' అని. అట్టుకుంది. గట్టిగా అట్టుకుంది. నాను మర్సేపోనాను ఆ మాట."

మేడం అప్పటికే కాగితం తీసుకున్నారు. తెలుగు ఫాంటు మీద నమ్మకం లేక చేత్తోనే రాస్తున్నారు, తర్వాత దాన్నీ స్కాన్ చెయ్యొచ్చని. ముక్కు ఎలా ఉండేది, జుట్టు ఎవరు దువ్వేవారు, ఏమని పిలిస్తే పలికేది, ఏది పెడితే తినేది కాదు. అసిరమ్మ చెబుతూనే ఉంది. చేపల పులుసులో తలకాయ కోసం అన్నతో కొట్లాడేదట. చీకట్లో మాట్లాడుతూనే ఉండేదట, నిద్ర పట్టేదాకా. మేడం ఎక్కడా ఆపలేదు, 'ఇది చాలు' అనలేదు. మా లైబ్రరీలో అన్నిటికంటే చిన్న బొమ్మకి అన్నిటికంటే పెద్ద వివరం అదే. మొదటి పేజీలో అన్ని మొహాల మధ్యా ఒక్క గడిలో చెయ్యి ఉంటుంది. పరీక్షకి వచ్చిన బయటి ఎగ్జామినర్ అది పొరపాటనుకుని తీసెయ్యమన్నాడు. మేడం తియ్యలేదు. నొక్కి చదవమన్నారు. అతను చదివి, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కానీ అది తర్వాతి మాట. ఆ సాయంత్రం అసిరమ్మ లేచి వెళ్ళబోతుంటే వంశీ అడ్డంపడ్డాడు. ఏదో ఒకటి ఆవిడ చేతిలో పెట్టి పంపితే గాని వాడికి ఊపిరాడేలా లేదు.

"మామ్మా, ఉండు. ఈ పంచి, కుర్చీ అంతా తీసీసి, సెయ్యొక్కటే నీటుగా కత్తిరించి, పెద్దది సేసి ప్రింటు తీసిస్తాను. నీకు బాగా అగుపడతాది."

అసిరమ్మ గాభరాగా వాడి మణికట్టు పట్టేసుకుంది.

"పంచి ఉండనీ నాయినా. అది తీసీకు. గుంట బయపడతాది."